మందుకు రాని మనిషి ఏ గడిలో ఉన్నాడు?

ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ముందు బల్ల మీద ఉండే రిజిస్టర్‌లో గడులు సాధారణంగా ఇలా ఉంటాయి: వరుస సంఖ్య, తేదీ, పేరు, వయసు, ఊరు, కొత్త కేసా పాత కేసా, జబ్బు పేరు, ఇచ్చిన మాత్రలు. నెలాఖరున వీటిని కూడి, కొత్తవారు ఇందరు, పాతవారు ఇందరు, ఆడవారు ఇందరు, మగవారు ఇందరు అని నివేదిక కట్టి పైకి పంపుతారు. ఆ నివేదికలో అబద్ధమేమీ ఉండదు. కానీ పోయిన దసరాకు మొదటిసారి వచ్చిన మనిషి ఈ దసరాకు ఎలా ఉన్నాడు, నిద్రపోతున్నాడా, పనికి పోతున్నాడా, అసలు ఊళ్లో ఉన్నాడా అని అడిగితే మాత్రం ఏ పేజీ తిప్పినా జవాబు దొరకదు. వచ్చినవాళ్ల పేర్లను వచ్చిన తేదీ కింద రాసుకునే పుస్తకం అది. రానివాళ్లకు అందులో చోటే లేదు.

మానసిక ఆరోగ్య సేవల్లో రోగుల ఫలితాల సమాచారం మెరుగుపడాలన్న మాట రాగానే కొత్త యాప్ గురించీ, నాలుగు పేజీల ఫారం గురించీ చర్చ మొదలవుతుంది. ఆ చర్చకు ముందే తేల్చుకోవలసిన తేడా ఒకటుంది. మందు ఇచ్చామా లేదా అన్నది సేవల లెక్క. మందు తీసుకున్న మనిషికి ఏమైందన్నది ఫలితాల లెక్క. మొదటి లెక్కకు ఆ రోజు ఓ.పి. చీటీలు ఎన్ని చింపారో తెలిస్తే చాలు. రెండో లెక్కకు ఒక్కో మనిషి వెంట నెలల తరబడి పోవాలి. మొదటిదాన్ని ఎంత శుభ్రంగా రాసినా, ఎంత ఖరీదైన కంప్యూటర్లో ఎక్కించినా, అది రెండోది కాదు.

ఈ లెక్క రాయడానికి మనిషి కావాలన్న సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో జరిగిన ప్రయోగాన్ని నమూనాగా తీసుకుని 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. మొదటి విడతలో తీసుకున్న జిల్లాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని జిల్లా ఒకటి కూడా ఉంది. జిల్లా బృందంలో మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సులతో పాటు పర్యవేక్షణ, మూల్యాంకన అధికారి ఒకరు, కేస్ రిజిస్ట్రీ అసిస్టెంటు ఒకరు ఉండాలని తరవాతి మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసి ఉంది. కేస్ రిజిస్ట్రీ అంటే కేసుల పట్టీ. రోజుల పట్టీ కాదు. ఆ ఉద్యోగానికి పెట్టిన పేరులోనే ఫలితాల లెక్క ఉంది.

పై నుంచి వచ్చే అంకెలతో తెలంగాణలోని మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల సంగతి తెలుసుకోవచ్చు కదా అనుకుంటే, అక్కడా ఇబ్బందే. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది; అందులో తెలంగాణ లేదు. పెద్దవాళ్లలో సుమారు 10.6 శాతం మంది ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారనీ, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా చికిత్స అందనివారే ఉన్నారనీ ఆ సర్వే చెప్పింది. నల్లగొండ సమావేశాల్లోనూ, మహబూబ్‌నగర్ ప్రజెంటేషన్లలోనూ ఈ అంకెలనే ఉటంకిస్తే, అవి వేరే రాష్ట్రాల గడపల దగ్గర అడిగి తెచ్చిన అంకెలని గుర్తుంచుకోవాలి. పైగా అవి జబ్బు ఎంతమందికి ఉందో చెప్పేవే తప్ప, ఆసుపత్రికి వచ్చినవాళ్లు ఏమయ్యారో చెప్పేవి కావు.

జిల్లాల విభజన ఇంకో ముడి వేసింది. 2011 జనాభా లెక్కల నాటికి పాత మహబూబ్‌నగర్ జిల్లాలో 40 లక్షల పైచిలుకు, పాత నల్లగొండ జిల్లాలో దాదాపు 35 లక్షల జనం ఉన్నారు. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలూ, నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలూ విడిపోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరు పడింది. 2015లో మహబూబ్‌నగర్‌లో పేరు రాయించుకున్న కొల్లాపూర్ మనిషి ఇప్పుడు నాగర్‌కర్నూల్ రోగి. పాత జిల్లా లెక్కను కొత్త జిల్లా లెక్క పక్కన పెట్టి 'రోగులు తగ్గారు' అని ఎవరైనా రాస్తే, తగ్గింది రోగులు కాదు, జిల్లా.

నూటికి డెబ్బై అయిదు మంది బాగుపడ్డారా?

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక ఆసుపత్రిలో జనవరి నుంచి మార్చి దాకా నూరు మంది కొత్త రోగులు పేర్లు రాయించుకున్నారు. ఆరు నెలల తరవాత చూస్తే వారిలో నలభై మంది మాత్రమే మందులకు వస్తున్నారు. ఆ నలభై మందిని పరీక్షించిన డాక్టరుగారు ముప్పై మంది బాగుపడ్డారని రాశారు. నలభైలో ముప్పై అంటే నూటికి 75. నివేదికలో ఎక్కేది ఆ అంకె. మిగిలిన అరవై మంది గురించి ఏమీ తెలియదు. వాళ్లలో ఒక్కరూ బాగుపడలేదనుకుంటే అసలు ఫలితం నూటికి 30. అందరూ బాగుపడి, ఇక అవసరం లేదని మానేశారనుకుంటే నూటికి 90. అంటే ఆసుపత్రికి నిజంగా తెలిసింది '30కీ 90కీ మధ్య ఎక్కడో' అన్నంత వరకే. 75 అనే అంకెకు ఉన్న ధీమా ఆ నలభై మంది నుంచి వచ్చింది. దానికి ఉన్న అనిశ్చితి ఆ అరవై మంది దగ్గర ఉండిపోయింది.

రాని అరవై మంది ఎటువంటివారన్నది ఇక్కడ కీలకం. సాధారణంగా మనం ఒకవైపే ఆలోచిస్తాం: మందు మానేశారు, జబ్బు తిరగబెట్టి ఉంటుంది అని. అది నిజం కావచ్చు. రెండోవైపు కూడా అంతే నిజం కావచ్చు: నిద్ర పట్టింది, మనసు కుదుటపడింది, పత్తి ఏరే రోజులు వచ్చాయి, ఇక ఒక కూలి రోజు పోగొట్టుకుని ఆసుపత్రికి ఎందుకని మానేసినవారు. బాగైనవారు రావడం మానేసి, బాగుకానివారే నెలనెలా వస్తుంటే, గదిలో కూర్చున్న డాక్టరుకు 'ఈ జబ్బు ఎవరికీ తగ్గదు' అన్న నిరాశ కలుగుతుంది. అంటే ఒకే లోటు ఒక ఆసుపత్రిలో ఫలితాన్ని పెంచి చూపిస్తుంది, ఇంకోచోట తగ్గించి చూపిస్తుంది. ఏది ఎక్కడ జరుగుతోందో తెలుసుకునే దారి ఒక్కటే, రానివాళ్లను వెదకడం.

ఇంగ్లండులో ఈ సంగతి అనుభవంలో తేలింది. కుంగుబాటు, ఆందోళన ఉన్నవారికి మాటలతో చేసే చికిత్సను ప్రభుత్వ ఖర్చుతో అందించే పెద్ద కార్యక్రమం అక్కడ 2008లో మొదలైంది. దానికి ముందు డాంకాస్టర్, న్యూహమ్ అనే రెండు చోట్ల నమూనాగా నడిపి చూశారు. చికిత్స ముందొకసారి, ముగిశాక ఒకసారి ప్రశ్నపత్రం ఇచ్చే పాత పద్ధతిలో మధ్యలో మానేసినవారి రెండో జవాబు ఎన్నటికీ దొరకదు. అందుకని వచ్చిన ప్రతిసారీ చిన్న ప్రశ్నపత్రం నింపించారు. మనిషి ఎప్పుడు మానేసినా చివరిసారి ఎలా ఉన్నాడో చేతిలో ఉంటుంది. అలా చూసినప్పుడు, పాత పద్ధతిలో జవాబు దొరకకుండా పోయేవారు మిగతావారికంటే తక్కువగా మెరుగుపడ్డారని బయటపడింది. ఖాళీ గడులను వదిలేసి సగటు కడితే ఫలితం ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుందని ఋజువైంది. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ మానసిక వైద్య సేవలు పన్నెండు అంశాలున్న ఒక కొలమానాన్ని చేరినప్పుడు, 91 రోజులకొకసారి, పంపించేటప్పుడు నింపుతాయి. అంత సిబ్బంది మనకు లేరు, ఆ ఫారాన్ని యథాతథంగా తెచ్చుకోవడం వల్ల కలిగే మేలు కూడా నాకు కనపడదు. మనం అరువు తెచ్చుకోవలసింది ముందే తేదీ కట్టుకుని, ఆ తేదీకి ప్రతి పేరు పక్కనా ఏదో ఒకటి రాయడమనే కట్టుబాటును.

అరువు అన్నాను గానీ, నిజానికి ఆ కట్టుబాటు మన పీహెచ్‌సీల్లోనే ఉంది. క్షయ రోగి పేరు ఒకసారి నమోదైతే అతను నయమయ్యాడు, చికిత్స పూర్తిచేశాడు, చికిత్స ఫలించలేదు, మధ్యలో తప్పిపోయాడు, చనిపోయాడు, ఫలితం తేల్చలేదు అన్నవాటిలో ఏదో ఒకదాని కిందకు రావలసిందే. పేరు ఊరికే మాయమయ్యే వీల్లేదు. 2012 నుంచి నిక్షయ్ అనే కంప్యూటర్ వ్యవస్థలో నడుస్తున్న లెక్క ఇదే. రక్తపోటు విషయంలోనూ ఇటువంటి పద్ధతే వచ్చింది. 2017లో ప్రారంభమైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమపు మొదటి విడత ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో మూడు నెలలకొకసారి, అంతకుముందు పేరు రాయించుకున్నవారందరినీ తీసుకుని, బీపీ అదుపులో ఉన్నవారు, లేనివారు, రానివారు అని మూడు భాగాలు చేస్తారు. 'రానివారు' అన్నది అక్కడ ఒక ఫలితం. అదే పీహెచ్‌సీ, అదే ఏఎన్ఎం, అదే ఆశ కార్యకర్త. క్షయ రోగి రాకపోతే ఇంటికి పోతారు, మానసిక రోగి రాకపోతే రాలేదన్న సంగతే తెలియదు. పని తెలియకపోవడం వల్ల వచ్చిన తేడా కాదిది. ఒక రిజిస్టర్‌లో ఆ గడి ఉంది, ఇంకోదాంట్లో లేదు.

క్షయకు ఆరు నెలలకో, అటూఇటుగానో చికిత్స ముగుస్తుంది, మానసిక వ్యాధికి అటువంటి ముగింపు ఉండదు కదా అన్నది న్యాయమైన అభ్యంతరం. అందుకే ముగింపు కోసం ఎదురుచూడకుండా, పేరు రాసిన రోజు నుంచి మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల అని మూడు గుర్తులు పెట్టుకోవాలి. జనవరి–మార్చి నూరు మందికి జులై–సెప్టెంబరులో ఒకసారి హాజరు పిలవాలి. ఏటా రిజిస్టర్ మారినప్పుడు వరుస సంఖ్య మారిపోతే ఈ పని సాగదు; మనిషికి ఒకే సంఖ్య ఉండి, అది అతని చేతిలోని మందుల పుస్తకం మీదా, ఆసుపత్రి పట్టీలోనూ ఒకటే అయి ఉండాలి.

'మంచిగయ్యిండు' అంటే ఏమిటి

హాజరు పిలిచాక రాయవలసింది ఏమిటన్న దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. రక్తపోటుకు యంత్రం ఉంది. మనసు బాగైందని చెప్పడానికి మనిషి మాటే ఆధారం, అది ఎవరి మాట అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. మాటా మంచీ తప్పి, రాత్రిళ్లు ఊరంతా తిరిగి, ఇంట్లోవాళ్ల మీద తిరగబడిన యువకుణ్ని తల్లి తీసుకొచ్చిందనుకుందాం. ఆరు నెలల తరవాత అడిగితే, "ఇప్పుడు మంచిగనే ఉన్నడు సార్, తింటున్నడు, పంటున్నడు, ఎవ్వర్నీ ఏమంటలేడు" అంటుంది. అదే సంగతి కొడుకును అడిగితే, "పొద్దంతా మబ్బుగుంటది, నెత్తి బరువుగుంటది, పనికి పోబుద్ధి కాదు" అంటాడు. తల్లికి ఇది కోలుకోవడం. కొడుక్కి ఇది మందు మత్తు. రిజిస్టర్‌లో ఒకే ఒక 'బాగున్నాడు' రాస్తే ఇద్దరిలో ఒకరి మాటే ఎక్కుతుంది, చాలాసార్లు ఎక్కేది ఇంట్లోవాళ్ల మాటే. మందు మోతాదు తగ్గించవలసిన సమయం ఈ గడిలోనే తప్పిపోతుంది.

ప్రశ్నపత్రాలు వాడవచ్చు కదా అంటారు. కుంగుబాటుకు ప్రపంచమంతా వాడే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలుంటాయి. గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇలా అనిపించిందని అడిగి, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులేసి, మొత్తం 27కు లెక్కగడతారు. అంకె సగానికి తగ్గితే చికిత్సకు స్పందన ఉందనీ, 5 కంటే తక్కువకు దిగితే ఉపశమనం వచ్చిందనీ అనుకుంటారు. కొలమానం మంచిదే. దాన్ని అడిగే మాట దగ్గరే మన చిక్కు. 'పనుల మీద ఆసక్తి గానీ సంతోషం గానీ లేకపోవడం' అని పుస్తక భాషలో చదివి వినిపిస్తే, దేవరకొండ వైపు నుంచి వచ్చిన కూలి మనిషి "ఏం సంబురం సార్, చేస్కుంటేనే గదా పూట ఎల్లేది" అంటే దానికి ఎన్ని మార్కులు? అది కుంగుబాటు కాదు, ఉన్న మాట. అదే మనిషిని 'రంది ఉన్నదా, బుగులయితున్నదా' అని అడిగితే జవాబు వేరేగా వస్తుంది. రంది అన్న మాటలో దిగులూ, ఎడతెగని ఆలోచనా, నిద్ర పట్టకపోవడమూ కలిసే ఉంటాయి. 'సగం కంటే ఎక్కువ రోజులు' అన్న లెక్క కూడా చాలామందికి పలకదు. వారంలో ఎన్ని రాత్రులు అని అడిగితే వేళ్ల మీద లెక్కబెట్టి చెబుతారు. అడిగే మాటను ముందే స్థిరపరచి, అందరూ అదే మాటతో అడిగేలా చూసుకోకపోతే, అంకెలో వచ్చిన మార్పు రోగిలో వచ్చిందో, అడిగిన మనిషి మారడం వల్ల వచ్చిందో తేల్చలేం. ఇక తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దాన్ని అడిగి, అవునన్న జవాబును గడిలో రాసుకుని పంపించేయడం నేరంతో సమానం. అవునంటే ఆ పూటే డాక్టరు చూడాలి, ఇంటికి పోయాక రాత్రి పూట మాట్లాడేందుకు ప్రభుత్వ మానసిక సహాయ ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416 చేతిలో ఉండాలి. ఆ ఏర్పాటు లేనిచోట ప్రశ్నపత్రం మొదలుపెట్టకపోవడమే మంచిది.

మనదేశంలో తయారైన కొలమానం కూడా ఒకటుంది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ రూపొందించిన ఐడియాస్, మనిషి తన ఒళ్లు తాను చూసుకోవడం, నలుగురితో మెలగడం, చెప్పింది అర్థం చేసుకుని మాట్లాడటం, పని చేయడం అనే నాలుగు విషయాలను తూచి, జబ్బు ఎన్నాళ్లుగా ఉందో దానికి కలుపుతుంది. చదవగానే ఇదే సరైన ఫలితాల కొలమానం అనిపిస్తుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. అయితే వైకల్య ధ్రువపత్రానికి వాడేది ఇదే. సదరం శిబిరంలో 40 శాతం దాటితే పత్రం, పత్రం ఉంటే పింఛను. ఆ పింఛను 2023 నుంచి నెలకు రూ. 4,016. కోలుకుంటున్నాడని అంకె చెబితే ఇంటికి వచ్చే ఆ డబ్బు ఆగుతుందేమో అన్న భయం ఉన్నచోట, ఏ తల్లీ కొడుకు పనికి పోతున్నాడని చెప్పదు. చెప్పలేదని ఆమెను తప్పుపట్టే హక్కు మనకు లేదు. డబ్బు ముడిపడిన కొలమానాన్ని చికిత్స ఫలితానికి వాడకూడదు, చికిత్స ఫలితానికి రాసుకున్న అంకెను పింఛను గదిలోకి పోనివ్వకూడదు. ఈ రెండింటి మధ్య గోడ కట్టకుండా ఎన్ని ఫారాలు అచ్చేసినా వాటి నిండా భయమే ఉంటుంది.

అయితే ఏం అడగాలి? నాకు తోచినంతలో, గడిచిన నెలలో ఎన్ని రోజులు పనికి పోయాడన్న ప్రశ్న మన పల్లెల్లో అన్నిటికంటే సూటిగా పలుకుతుంది. దానికీ లోపాలున్నాయి. సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ వైపు రెండు పంటలు పండే ఊళ్లో దొరికే పని, వాన మీద ఆధారపడ్డ దేవరకొండ తండాలో దొరకదు. నాట్ల నెలలో దొరికే పని ఎండాకాలంలో ఉండదు. ఇంటి పని చేసే ఆడవాళ్ల శ్రమ 'పనికి పోవడం' లెక్కలోకే రాదు. అందుకని అంకెను విడిగా అడగకుండా, 'మీ ఇంట్లో మిగతావాళ్లు చేసినంత పని ఈయన చేశాడా, సగమా, అసలు లేదా' అని అడిగితే కాలం, నేల, పంట అన్నీ రెండువైపులా ఒకేలా ఉండి, తేడా మనిషిలోదే అవుతుంది. నిద్ర, పని, మందు వల్ల మత్తు: ఈ మూడింటినీ రోగినీ ఇంటివాళ్లనూ విడివిడిగా అడగడానికి నాలుగైదు నిమిషాలకు మించి పట్టదు.

ఎవరు వచ్చారు, ఎక్కడికి పోయారు

పాలమూరు గురించి రాస్తూ వలస గురించి రాయకపోతే ఏ లెక్కా నిలవదు. ముంబై, పుణె వైపు పనులకు పోయే మనిషికి మేస్త్రి అడ్వాన్సు ఇచ్చిన తేదీ ముఖ్యం, ఆసుపత్రి ఇచ్చిన తేదీ కాదు. అతను నవంబరులో మందు మానేసినట్టు రిజిస్టర్‌లో కనిపిస్తుంది. నిజానికి అక్కడి మందుల దుకాణంలో అదే చీటీ చూపించి కొనుక్కుంటూ ఉండవచ్చు, మానేసి జబ్బు తిరగబెట్టి ఉండవచ్చు. గద్వాల నుంచి కర్నూలు ఆసుపత్రికో, మక్తల్ నుంచి రాయచూరుకో పోయినవాళ్లు రాష్ట్రం దాటిపోయారు గనుక మన లెక్కలో తప్పిపోయినవాళ్లే, అక్కడి లెక్కలో కొత్త కేసులు. ఒక మనిషి రెండు చోట్ల రెండు కొత్త కేసులైతే సేవల లెక్క పెరుగుతుంది, ఫలితాల లెక్క చెడుతుంది. ఏ ఆసుపత్రికి పోయినా మనిషికి ఒకటే ఉండే పద్నాలుగు అంకెల ఆభా ఆరోగ్య సంఖ్య వంటివి నిజంగా పనికొచ్చేది ఇక్కడే, అదీ రోగి ఒప్పుకుంటేనే.

ఇంకో చిన్న విషయం ఉంది, చాలా నివేదికల్లో కనపడదు. 2023 డిసెంబరు నుంచి రాష్ట్రంలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. తల్లికి ప్రయాణం ఉచితం, కొడుక్కి కాదు. కొడుకును వెంటబెట్టుకుని వస్తే ఒక కూలి రోజు కూడా పోతుంది. అటువంటప్పుడు తల్లి ఒక్కతే వచ్చి నెల మందులు తీసుకుపోవడం సహజం. ఆమెను ఉత్తచేతులతో పంపితే మందు ఆగిపోతుంది గనుక ఇవ్వడమే న్యాయం. కానీ రిజిస్టర్‌లో ఆ రోజు రోగి వచ్చినట్టే ఎక్కుతుంది. ఏడాది పొడవునా 'క్రమం తప్పక వచ్చిన' మనిషిని ఎనిమిది నెలలుగా ఏ డాక్టరూ కళ్లతో చూసి ఉండకపోవచ్చు. రోగి వచ్చాడా, బదులు ఎవరైనా వచ్చారా అన్న ఒక్క గడి చేరిస్తే ఎన్నో అంకెల అర్థం మారిపోతుంది.

జబ్బు పేరు సరిగా లేకపోతే ఫలితమూ సరిగా ఉండదనడానికి మన ప్రాంతంలోనే కల్లు మంచి ఉదాహరణ. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రజోలామ్ వంటివి కలుపుతారన్నది అందరికీ తెలిసిందే. రోజూ తాగే మనిషికి అది ఒక్కసారిగా ఆగిపోతే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, లేనివి కనపడి వింతగా ప్రవర్తించవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇటువంటివారు గుంపులుగా వచ్చారు. ఆ మనిషిని 'సైకోసిస్' (ఏది నిజమో తెలియకుండా పోయే తీవ్రమైన మానసిక జబ్బు) అని రాసుకుంటే, రెండు వారాల్లో తేరుకుని ఇంటికి పోతాడు, సైకోసిస్‌కు మా దగ్గర ఫలితాలు అద్భుతంగా ఉన్నాయని లెక్క చెబుతుంది. పక్క ఆసుపత్రిలో అదే మనిషిని 'విత్‌డ్రాయల్' (అలవాటైన మత్తు ఆగినందువల్ల వచ్చిన బాధ) అని సరిగా రాస్తే, వాళ్ల సైకోసిస్ ఫలితాలు పేలవంగా కనిపిస్తాయి. సరిగా రాసినవాడు ఓడిపోయే పోటీ ఇది, జిల్లాలకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెడితే జరిగేది ఇదే. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బోధనాసుపత్రికి ముదిరిన కేసులు చేరతాయి, చిన్న ఆసుపత్రికి తేలికవి. వాటిని ఒకే వరుసలో నిలబెట్టడం వైద్యానికీ లెక్కకూ కూడా అన్యాయం.

మందుల నిల్వ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు: రిస్పెరిడోనో లిథియమో నెలన్నర పాటు రాకపోతే జబ్బు తిరగబెట్టడం చికిత్స వైఫల్యం కాదు, సరఫరా వైఫల్యం. మందు లేక వెనక్కి పంపిన రోజులను రోగి పేరు పక్కనే రాయాలి.

మరణాల దగ్గర మాత్రం ఆగాలి. ఆత్మహత్యల లెక్క పోలీసుల నుంచి జాతీయ నేర గణాంక సంస్థకు పోతుంది. అందులో కారణం కింద 'అనారోగ్యం', దాని లోపల 'మానసిక వ్యాధి' అన్న విభాగం ఉంటాయి. చనిపోయిన మనిషి మూడు నెలల కిందటిదాకా మానసిక విభాగానికి వచ్చాడా, మందు ఎప్పుడు ఆపాడు అన్నది ఆ కాగితంలో ఉండదు. ఆసుపత్రి రిజిస్టర్‌లో అతను 'మందుకు రాని పాత కేసు'గా మిగిలిపోతాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. అయినా కేసవుతుందన్న పాత భయంతో "పొరపాటున పురుగుల మందు తాగిండు" అని రాయించే అలవాటు పోలేదు. అలా రాయించినవాళ్లు మానసిక విభాగం దాకా రానేరారు. 2030 నాటికి ఆత్మహత్య మరణాలను 10 శాతం తగ్గించాలని 2022 జాతీయ వ్యూహం లక్ష్యం పెట్టుకుంది. దాన్ని జిల్లా స్థాయిలో కొలవాలంటే అత్యవసర విభాగం, మానసిక విభాగం, మరణాల నమోదు అనే మూడు పుస్తకాలు నెలకొకసారైనా ఒకే బల్ల మీదకు రావాలి.

అన్ని పుస్తకాలూ ఒకే బల్ల మీదకు వస్తే రోగి గుట్టు ఏమవుతుందన్నది తప్పించుకోలేని ప్రశ్న. అదే చట్టంలో 23వ సెక్షన్ గోప్యత హక్కును, 25వ సెక్షన్ తన వైద్య రికార్డును తాను చూసుకునే హక్కును రోగికి ఇచ్చాయి. వెయ్యి గడప లేని ఊళ్లో ఆశ కార్యకర్త ఒక ఇంటికే నెలనెలా ఫారం పట్టుకుని పోతే, ఫారంలో ఏముందో ఎవరూ చదవనక్కరలేదు. ఆడపిల్ల పెళ్లి సంబంధం దగ్గర ఆ సంగతి బయటికి వస్తుంది. బీపీ, షుగర్ పరీక్షకు పోయే రోజే ఈ ఇంటికీ పోవడం, పట్టీలో జబ్బు పేరు బదులు సంకేతం వాడటం, ఇంటికి మనిషిని పంపేముందు రోగిని 'రాకపోతే ఫోను చేయాలా, ఇంటికి రావాలా, ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు' అని మొదటి రోజే అడిగి రాసుకోవడం వంటివి ఖర్చు లేని జాగ్రత్తలు.

ఇదంతా చేసి కట్టిన లెక్క ఎవరి చేతికి పోవాలన్నది చివరి సంగతి. ఇప్పుడు సమాచారం కింది నుంచి పైకి పోతుంది, తిరిగి రాదు. రాసేవాళ్లకు దానివల్ల చెయ్యి నొప్పి తప్ప మిగిలేది లేదు. నెల మొదటి సోమవారం జిల్లా బృందం నుంచి ఏఎన్ఎంకు పోవలసిన కాగితం ఒకటే: ఆమె సబ్‌సెంటర్ పరిధిలో తేదీ దాటినా మందుకు రాని నలుగురైదుగురి సంకేతాలు. ఆమె ఫోను చేస్తుంది. ఒకరి భార్య ఎత్తి, ఆయన పుణెలో ఉన్నాడు, ఉగాదికి వస్తాడు, మాత్రలు అయిపోయాయట, అంటుంది. ఒకరు తామే ఎత్తి, మంచిగున్నాను, ఇక వద్దనుకుంటున్నాను, అంటారు. ఒక్కసారి డాక్టరుకు చెప్పి మానమని చెప్పి తేదీ ఇవ్వాలి. ఒకరి నంబరు పనిచేయదు, ఇంటికి పోవాలి. ఒకరి అన్న ఎత్తి, కాసేపు ఏమీ అనకుండా ఉండి, పోయిన నెల పోయాడమ్మా, అంటాడు. నాలుగు ఫోన్లు, నాలుగు వేర్వేరు గడులు. ఇవాళ్టి రిజిస్టర్‌లో మాత్రం నలుగురూ ఒకే ఖాళీ.